గాలి ముదిరినప్పుడు కైట్ దించేదెట్లా?

గాలి, నీళ్ల ఆటల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబుల శీర్షిక ఇది. జవాబులిచ్చేది తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో టెంట్లు, రెయిన్‌కోట్లు కుట్టే దర్జీ. రామేశ్వరం నుంచి వచ్చే చిరిగిన కైట్లు బాగుచేస్తాడు, సీజన్‌లో వెళ్లి తానూ ఎగరేస్తాడు.

*

ప్రశ్న: అన్నా, నాది పుత్తూరు. చెన్నైలో ఉద్యోగం. పోయిన ఏడాది రామేశ్వరంలో కైట్‌బోర్డింగ్, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద జారే ఆట, నేర్చుకున్నాను. ఈసారి జూలైలో స్నేహితుడితో కలిసి వెళ్లాను. పొద్దున 18 నాట్లు ఉన్న గాలి మధ్యాహ్నానికి 30కి చేరింది. నా దగ్గర ఉన్నది 12 చదరపు మీటర్ల కైట్ ఒక్కటే. స్నేహితుడు భోజనానికి వెళ్లిపోయాడు. ఒడ్డున ఫొటోలు తీసుకుంటున్న ఒక యాత్రికుణ్ని పిలిచి కైట్ పట్టుకోమన్నాను. ఆయన కైట్ వదిలేసి తాళ్లు పట్టుకున్నాడు. ఆయన వేళ్లు కోసుకుపోయాయి. నన్ను గవ్వల మీద చాలాదూరం ఈడ్చింది. అప్పుడు నేను ఏం చేసి ఉండాల్సింది? పట్టుకునే మనిషి లేనప్పుడు గట్టి గాలిలో కైట్ దించే దారి ఉందా?

జవాబు: ఆ యాత్రికుడి వేళ్లకు కట్టు కట్టించే వచ్చావనుకుంటా నాయనా. కైట్ తాళ్లు చూడటానికి సన్నంగా ఉంటాయి, బరువు పడ్డాక చర్మం ఆగదు. ఆయనకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? తెలిసినవాడివి నువ్వు.

ఇక నీ సంగతి. నీ గొడవ ఆ యాత్రికుడి దగ్గర మొదలు కాలేదు, గాలి 20 దాటినప్పుడే మొదలైంది. గాలి వేగం ఎంత పెరిగితే లాగుడు అంతే పెరుగుతుందని చాలామంది లెక్క. అది వేగం వర్గంతో పెరుగుతుంది. 18 నుంచి 30కి పోతే వేగం రెట్టింపు కూడా కాలేదు, అదే కైట్ లాగే బలం మాత్రం దాదాపు 2.8 రెట్లయింది. 30 నాట్లంటే గంటకు 55 కిలోమీటర్ల పైమాట. మామూలు ఒళ్లున్న మనిషికి 12 చదరపు మీటర్ల కైట్ 20 నాట్ల లోపు గాలికి సరి. 30లో ఏడు మీటర్లది తియ్యాలి, లేదంటే ఒడ్డున కూర్చుని టీ తాగాలి. నీ దగ్గర రెండోది లేదు కాబట్టి టీయే.

కాబట్టి గట్టి గాలిలో కైట్ దించే మొదటి ఉపాయం, గాలి గట్టిపడక ముందే దించెయ్యడం. గాలి వచ్చే దిక్కున నీళ్ల మీద తెల్ల నురగలు ఉన్నట్టుండి చిక్కబడ్డాయా? చేతిలోని బార్, అంటే కైట్‌ని నడిపే కడ్డీ, పూర్తిగా పైకి వదిలినా నడుం దగ్గర లాగుడు తగ్గట్లేదా? మడమలు ఎంత నొక్కినా బోర్డు గాలివాటుకు జారిపోతోందా? వీటిలో ఒక్కటి కనపడినా ఒడ్డు చేరు. స్నేహితుడు భోజనానికి లేచాడా, నువ్వూ లెయ్యి. కైట్ పట్టుకునేవాడు తీరం వదిలాడంటే నీ ఆట అయిపోయినట్టే లెక్క. ఆడి నెల గాలికి అమ్మి (నూరుడు బండ) కూడా ఎగురుతుందని అరవం వాళ్లు ఊరికే అనలేదు. పుత్తూరు వాడివి, నీకు ఆ మాట నేను చెప్పాలా?

సరే, గాలి పెరిగాక కూడా ఒడ్డున పట్టుకునే మనిషి ఉన్నాడనుకుందాం. గాలికి వీపు పెట్టి నిలబడు. నెత్తి మీద 12 గంటలు, కుడి చేతి పక్క 3, ఎడమ పక్క 9. నీకు సూటిగా ఎదురుగా, కిందికి ఉన్నదే కైట్ ప్రాణం తీసి లాగే తావు. 3, 9 అంచుల దగ్గర లాగుడు బాగా తగ్గుతుంది. ఇదంతా నీకు మొదటిరోజే చెప్పి ఉంటారు. అయినా కొత్తవాళ్లలో ఒక భ్రమ పోదు: నెత్తి మీద పెట్టుకుంటే కైట్ బుద్ధిగా ఉంటుందని. నీళ్లలో అది కొంత నడుస్తుంది. నేల మీద నడవదు. 12 దగ్గరున్న కైట్‌కి ఒక విసురు తగిలిందంటే మనిషిని నిలువునా లేపుతుంది, దించేటప్పుడు కింద ఇసుకే ఉంటుందని రాసివ్వదు. అందుకని పొడి ఇసుక మీద కాలు పెట్టక ముందే కైట్‌ని ఒక అంచుకు, కిందికి తెచ్చుకో. వీలైతే సముద్రం వైపు అంచుకు. ఎత్తున పెట్టుకుని ఒడ్డున నడవొద్దు.

దించబోయే తావుకు గాలి పోయే దిక్కున కనీసం రెండు తాళ్ల పొడవు, అంటే 50 మీటర్లు, ఖాళీగా ఉండాలి. మనుషులు, పడవలు, కరెంటు స్తంభాలు, కంప చెట్లు ఏవీ అడ్డు ఉండకూడదు. 30 నాట్లలో నాకు 50 చాలదు, దానికి రెట్టింపు వెతుక్కుంటా. బార్ పైనున్న డీపవర్ పట్టీ, కైట్ లాగుడు తగ్గించేది, పూర్తిగా లాగేసుకో. గట్టి గాలిలో దించేటప్పుడు అది సగం వదులుగా ఉన్నవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఒక్క చేతి పని అది!

తర్వాత సైగ. తల మీద అరచేత్తో తట్టడం, దించుతున్నా పట్టుకో అని. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చినవాడు తడుముకున్నట్టు తడితే చాలు, ఎంత దూరంలో ఉన్న కైట్‌వాడికైనా అర్థమవుతుంది. అతను అదే సైగ తిరిగి చేస్తేనే దించడం మొదలుపెట్టు. చెయ్యలేదంటే అతను నిన్ను చూడలేదు, లేదా అతనికి తెలియదు. రెండూ నీకు ఒకటే.

కైట్ నువ్వే అతని చేతికి అందించాలి. అతను దాని వెంట పరుగెత్తకూడదు. అంచు వెంబడి నెమ్మదిగా దించుతూ, కైట్ రెక్క కొన నేలకు దగ్గరపడే దాకా తీసుకురా. నెమ్మదిగా అంటే నిజంగా నెమ్మదిగా. తొందరపడి వెనక తాడు ఒక్కసారిగా లాగావా, కైట్ అంచు దాటి పోతుంది, తాళ్లు వదులవుతాయి, కైట్ వెనక్కి వాలి సూటిగా నీ ఎదుటి తావులోకి పడుతుంది, అక్కడ గాలి దొరకగానే గుంజుతుంది. తాళ్లు వదులైనట్టు అనిపించిన క్షణమే వెనక్కి రెండడుగులు వేసి బిగించుకో. ఒక చెయ్యి బార్ మధ్యలో ఉండనీ, రెండోది క్విక్ రిలీజ్ మీద, అంటే తోస్తే కైట్ లాగుడు తెంచేసే మీట మీద, ఉండనీ. అతను ముందు గొట్టాన్ని (కైట్ ముందంచున గాలి ఊదిన లావు గొట్టం) నడిమధ్యలో గట్టిగా పట్టుకున్నాడని కళ్లతో చూశాకే అతనివైపు నడువు. నువ్వు ముందుకు నడిస్తేనే తాళ్లు వదులై, అతను కైట్‌ని బోర్లా తిప్పి, ముక్కు గాలికి ఎదురుగా పెట్టగలడు. కైట్ తిరగబడి, ఇసుక బరువు పడేదాకా క్విక్ రిలీజ్ మీద చెయ్యి తియ్యొద్దు. అతను పట్టుకున్నాడు కదా అని అప్పుడే కొక్కెం విప్పేసి నీళ్ల సీసా తీసేవాళ్లు ఉన్నారు. అతని చెయ్యి జారితే?

ఇప్పుడు అసలు నువ్వు అడిగింది. మనిషి లేడు. అప్పుడు ఒడ్డుకు రావొద్దు. నడుం లోతు నీళ్లలో ఆగిపో. ఈత వచ్చు, ఒంటి మీద తేలే జాకెట్ ఉంది, గాలి ఒడ్డు వైపో ఒడ్డు పక్కగానో వీస్తోంది, అప్పుడు నీళ్లలోనే నీకు భద్రం. గాలి పోయే దిక్కున కావలసినంత ఖాళీ ఉన్నప్పుడే, కైట్‌ని అంచుకు దించి, రెక్క కొన నీళ్లకు తగిలేదాకా తెచ్చి, క్విక్ రిలీజ్ తోసెయ్యి. బార్ చేతిలోంచి జారి తాళ్ల వెంట కైట్ వైపు పోతుంది. కైట్ ఉన్న నాలుగు తాళ్లలో ఒక్క ముందు తాడు (సేఫ్టీ తాడు) మీదికి వచ్చి, లాగుడు చచ్చిపోయి, నీళ్ల మీద పడి టపటపా కొట్టుకుంటుంది. ఆ చప్పుడుకు చాలామంది బెదిరిపోయి ఏదో ఒక తాడు అందుకుంటారు. అందుకోవద్దు. అదంతా ఉత్త చప్పుడే, బలం లేదు.

ఇక్కడ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో: బరువు ఆ ఒక్క సేఫ్టీ తాడు మీదే ఉండాలి. మిగతా మూడింట్లో ఏదైనా నీ చేతికో కాలికో నడుముకు కట్టే హార్నెస్ పట్టీ కొక్కేనికో తగులుకుని బిగిసిందంటే చచ్చిన కైట్ మళ్లీ లేస్తుంది. సేఫ్టీ తాడును చేతుల మార్పిడితో కొద్దికొద్దిగా లాక్కుంటూ బార్ దగ్గరికి పో. అరచేతికి చుట్టుకోవద్దు, జారుతున్నా సరే. బార్ అందాక మొదట సేఫ్టీ తాడునే దానికి చాలా చుట్లు చుట్టి రెండు ముళ్లు వెయ్యి. ఆ తాడు మిగతావాటికంటే పొట్టిగా ఉన్నంతవరకు కైట్‌కి గాలి దొరకదు. ఆ తర్వాతే నాలుగు తాళ్లూ కలిపి బార్‌కు చుట్టుకుంటూ కైట్ దాకా నడువు. ముందు గొట్టం చేతికందగానే ముక్కు గాలికి తిప్పి, తాళ్లు కైట్ నుంచి విప్పేసి, గాలి తీసెయ్యి. గాలి తీసిన కైట్ ఎవర్నీ ఈడ్చదు.

రిలీజ్ తోసినా కైట్ తిరుగుతూ లాగుతోందంటే తాళ్లు చిక్కుపడ్డాయని. అప్పుడు రెండో రిలీజ్, నడుం దగ్గర లీష్‌ది (సేఫ్టీ తాడును నీకు కట్టి ఉంచే పట్టీ), అది కూడా వదిలెయ్యి. కానీ అది ఆఖరిది. విడిపోయిన కైట్ తాళ్లు ఈడ్చుకుంటూ గాలివాటున పోతుంది, ఆ దారిలో చిన్నపిల్లలు ఆడుకుంటూ ఉండొచ్చు. పక్కకు చూసి, కేక వేసి వదలాలి. కేక వెయ్యడానికి టైం లేకపోతే వదిలిన వెంటనే వెయ్యి.

పడవ లంగరుకో, ఇసుకలో పాతిన మేకుకో చికెన్ లూప్ (బార్‌ని నడుం కొక్కేనికి తగిలించే ఉంగరం) తగిలించి ఒంటరిగా దించే పద్ధతి ఒకటుంది. వీడియోల్లో చూసే ఉంటావు. నిలకడైన 15 నాట్లలో చేసేవాళ్లు చేస్తారు. విసురు గాలిలో, అదీ పెద్ద కైట్‌తో, వద్దు. మేకు ఊడితే కైట్‌తో పాటు మేకు కూడా ఎగురుతుంది.

క్విక్ రిలీజ్ తొయ్యడానికి మీ వయసువాళ్లు ఎందుకో సిగ్గుపడతారు. నలుగురూ చూస్తారని, కైట్ చిరుగుతుందని. నీళ్ల మీద రిలీజ్ తోసిన కైట్ నా మిషన్ కిందికి రావడం అరుదు. వచ్చినా కొద్దిగా వెనక అంచు కుట్టు పోయి ఉంటుంది. నడుమకు రెండుగా చీలినవి, ముందు గొట్టం పగిలినవి, కంపల్లో పడి గొట్టం లోపలి గాలి తిత్తి (బ్లాడర్) నిండా బొక్కలు పడినవి, ఇవన్నీ ఆఖరిదాకా బార్ వదలనివాళ్లవి. క్విక్ రిలీజ్ ఎట్లా పనిచెయ్యాలో 2020లో ఐఎస్ఓ 21853 అని ఒక అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. బరువు మీద ఉన్నప్పుడు కూడా ఒక్క చేత్తో తెరుచుకోవాలి. నీది తెరుచుకుంటుందా? ప్రతిసారీ నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున కొక్కేనికి తగిలించి, వెనక్కి వాలి, కళ్లు మూసుకుని తోసి చూడు. దాంట్లో ఇసుక ఇరుక్కుంటుంది. అది తెరుచుకోలేదంటే ఆ రోజు ఆట లేదు.

*

ప్రశ్న: అన్నగారూ, మాది చిత్తూరు. మా అబ్బాయి బెంగళూరులో పనిచేస్తూ నెలనెలా రామేశ్వరం పోతున్నాడు. పెద్ద పారాచూట్ లాంటిది పట్టుకుని సముద్రం మీద ఎగురుతున్న వీడియోలు పంపుతాడు. వాళ్ల నాన్నకు అవి చూస్తే రాత్రి నిద్ర పట్టదు. ఇది సర్కస్ పనా, నిజంగా ఆటేనా? మాన్పించమంటారా?

జవాబు: ఆటేనమ్మా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారు కూడా. ఆ పందేలు పారిస్‌లో కాదు, సముద్రం ఉన్న మార్సేలో జరిగాయి. మగవాళ్లలో ఆస్ట్రియా కుర్రాడు వాలెంటిన్ బొంటస్, ఆడవాళ్లలో బ్రిటన్ అమ్మాయి ఎల్లీ ఆల్డ్రిడ్జ్ బంగారు పతకాలు గెలిచారు. అది పారాచూట్ కాదు. మీ వాడు పట్టుకునేది గాలి ఊదిన గొట్టాలు ఉన్న కైట్ అయి ఉంటుంది. నీళ్లలో పడినా తేలి, మళ్లీ లేచేందుకు ఫ్రాన్స్‌లో బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు కనిపెట్టింది. 1984లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు.

మాన్పించమని నేను చెప్పను. మీరు చెప్పినా వాడు వినడు, మీకు చెప్పకుండా పోతాడు. అది ఇంకా చెడ్డది. ఫోన్లో మాట్లాడేటప్పుడు జాగ్రత్త నాయనా అనే మాట వద్దు. దానికి అందరు పిల్లలూ సరే అంటారు. బదులుగా, నీ కైట్ దించేటప్పుడు ఎవరు పట్టుకుంటారు అని అడగండి. వెంటనే ఒక పేరు చెప్పాడంటే సగం భయం తీసెయ్యండి. ఎవరో ఒకరు ఉంటారులే అమ్మా అన్నాడంటే నిద్ర పట్టకపోవడంలో వాళ్ల నాన్న తప్పేం లేదు. గాలి ఎక్కువైనప్పుడు వాడే చిన్న కైట్ ఉందా అనీ అడగండి. ఒకటే ఉంది అంటే, పుట్టినరోజుకు బట్టలు కొనే డబ్బు దానికి ఇవ్వండి. ఐకేఓ అనే అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ గుర్తింపు ఉన్న శిక్షకుడి దగ్గర నేర్చుకున్నాడా, హెల్మెట్ పెట్టుకుంటాడా అనేవి ఆ తర్వాతి ప్రశ్నలు.

మీకు ఒకసారి చూడాలని ఉంటే తిరుపతి నుంచి రామేశ్వరానికి రైలుంది. దర్శనం చేసుకుని, సాయంత్రం తీరానికి వెళ్లి వాడు కైట్ దించేటప్పుడు చూడండి. ఎగిరేటప్పుడు కాదు. ఎగిరేది వీడియోలో చూశారుగా.

*

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. పోయిన నెల ధనుష్కోడి చూడటానికి వెళ్లినప్పుడు దారిలో తీరం దగ్గర ఆగాం. నీళ్లలోంచి ఒకతను కైట్‌తో వచ్చి, నావైపు చూస్తూ తల మీద తట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను కూడా నవ్వి చెయ్యి ఊపాను. అతను కోప్పడ్డాడు. ఏంటండీ ఇది?

జవాబు: కోప్పడక ఏం చేస్తాడండీ, చేతులు నొప్పి పుట్టి ఉంటాయి! పై జవాబు చదివితే అతని బాధ తెలుస్తుంది. కైట్ పట్టుకోమని మిమ్మల్ని అడిగాడు. మీరు నవ్వి చెయ్యి ఊపడమే మేలు చేసింది, ఎందుకంటే తెలియని పని నెత్తికెత్తుకోలేదు. ఇంకోసారి ఎవరైనా అట్లా అడిగితే, గాలి మీ టోపీ ఎగరగొట్టేంతగా ఉంటే, రెండు చేతులూ అడ్డంగా ఊపి రాదని చెప్పండి. అతనికి వేరే దారులున్నాయి.

గాలి మెత్తగా ఉండి, చెయ్యాలనిపిస్తే మాత్రం ఇట్లా. అతనికీ కైట్‌కీ మధ్య తావులోకి అసలు అడుగు పెట్టొద్దు, అక్కడ తాళ్లుంటాయి, ఎండలో కనపడవు. కైట్‌కి గాలి పోయే పక్క కూడా నిలబడొద్దు. కైట్ దిగే అంచు దగ్గర నిలబడి ఎదురుచూడండి. అది మీ దగ్గరికి వస్తుంది, మీరు దాని దగ్గరికి పోవద్దు. గాలి ఊదిన లావు గొట్టం, దాన్నే లీడింగ్ ఎడ్జ్ అంటారు, దాని నడిమధ్యను రెండు చేతులా పట్టుకోండి. రెక్క కొన కాదు, గుడ్డ కాదు, తాడు అసలే కాదు. పట్టుకున్నాక అతను మీవైపు నడిచి వచ్చేదాకా అట్లాగే నిలబడండి. తాళ్లు వదులైనట్టు కనపడగానే గొట్టం కిందికి వచ్చేట్టు బోర్లా తిప్పి, ముక్కు గాలికి ఎదురుగా నేల మీద పెట్టి, గుడ్డ మీద ఇసుక పొయ్యండి. ధారాళంగా పొయ్యండి. రెండు దోసిళ్లు పోసి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. పట్టు జారుతోందనిపిస్తే కేక వేసి వదిలేసి పక్కకు తప్పుకోండి, పట్టుదల వద్దు. కైట్‌తో పాటు పరుగెత్తిన మనిషే దెబ్బ తింటాడు.

*

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. రామేశ్వరం దాకా పోవడానికి డబ్బుల్లేవు. కల్యాణి డ్యామ్‌లో నేర్చుకోవచ్చా? లేదంటే తూపిలిపాళెం బీచ్‌లో?

జవాబు: కల్యాణి డ్యామ్ నీళ్లు కొండ మీదికి, ఊళ్లోకి తాగడానికి వచ్చే నీళ్లు. ఆ ఆలోచన మానెయ్యి. పైగా మనకు శేషాచలం కొండలు అడ్డం. కొండల మీదుగా దిగే గాలి ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక నిమిషం ఉండదు, మరు నిమిషం తోసేస్తుంది. అటువంటి గాలిలో దించడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. పులికాట్ వైపు పక్షులు దిగే తావుల్లో కైట్ ఎగరెయ్యొద్దు, శ్రీహరికోట చుట్టుపక్కల అసలే వద్దు. తూపిలిపాళెంలో సముద్రం తెరుచుకునే ఉంది, 2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చిందని మనవాళ్లు సంబరపడింది ఆ తీరం చూసే. కానీ నీకు నేర్పేవాడు, నీ కైట్ పట్టుకునేవాడు పక్కన లేకుండా వద్దు.

అప్పటిదాకా రెండు తాళ్ల చిన్న ట్రైనర్ కైట్ ఒకటి తెచ్చుకుని, తీగలు, స్తంభాలు లేని మైదానంలో గాలి నిలకడగా ఉన్న పూట ఎగరెయ్యి. ఎగరెయ్యడం కంటే ఎక్కువగా, అంచుకు తెచ్చి నెమ్మదిగా దించడం చెయ్యి. కుడి పక్క, ఎడమ పక్క. తాళ్ల వైపు చూడకుండా. మే నెల సాయంత్రం ఉరుము వినపడితే చుట్టేసి ఇంటికి పో. వాన రాకముందు వచ్చే ఆ దుమ్ముగాలి ఉంటుందే, అది బిన్నా వస్తుంది. కైట్ దించే టైం ఇవ్వదు.

*

ప్రశ్న: నాది మదనపల్లె. కైట్ దించి, ఇసుక పోసి భోజనం చేసి వచ్చేసరికి గాలికి అది కొట్టుకుని కొట్టుకుని వెనక అంచు చినిగింది. నడుమ కూడా జానెడు చీలిక. ఇంట్లో మా అమ్మ మిషన్ మీద కుట్టుకోవచ్చా? మీకు పంపమంటారా?

జవాబు: దించడం బాగానే దించారు, నిలపడం కుదరలేదు. కైట్ గాలికి కొట్టుకోవడం మొదలుపెడితే మొదట పోయేది వెనక అంచే. అక్కడ గుడ్డ ఒంటి పొర, పట్టుకునే గొట్టం లేదు, గంట కొట్టుకుంటే కుట్టు దారం అరిగిపోతుంది. గాలి గట్టిగా ఉన్న రోజున పది నిమిషాల కంటే ఎక్కువ వదిలిపెట్టేట్టుంటే ఇసుకను నమ్ముకోవద్దు. పొడి ఇసుకను గాలి తీసుకుపోతుంది, బరువు తగ్గుతుంది, కైట్ లేస్తుంది. తడి ఇసుక పొయ్యండి, అడ్డంగా ఉన్న చిన్న గొట్టాల (స్ట్రట్‌ల) పక్కన ఎక్కువ పొయ్యండి. తాళ్లు విప్పెయ్యండి. అసలు ముందు గొట్టం గాలి తీసేస్తే ఈ గొడవే లేదు. మళ్లీ ఊదడం బద్ధకం, అంతేగా? రాళ్లు మాత్రం పెట్టొద్దు. రాయి కింద గుడ్డ రాపిడికి పలచబడి, అది గాలిలో ఉన్నప్పుడు చినుగుతుంది.

ఊదేటప్పుడు కూడా కాస్త చూసుకోండి. ముందు గొట్టంలో గాలి ఒత్తిడి 6 నుంచి 8 పీఎస్‌ఐ దాకా ఉండాలి, మీ కైట్ మీద ఏది రాసి ఉంటే అది. పంపు కొట్టి అలసిపోయి నాలుగుకే ఆపేసేవాళ్లున్నారు. మెత్తగా ఉన్న గొట్టం గట్టి గాలిలో మడత పడుతుంది, దించేటప్పుడు మడత పడిన కైట్ ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

ఇక కుట్టు. వేలెడు లోపు చీలికకైతే ఇంట్లో చెయ్యొచ్చు. మంచినీళ్లతో ఉప్పు కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, రెండు పక్కలా రిప్‌స్టాప్ (చిరుగు పాకని నేత) టేపు అంటించండి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించండి, చదరంగా ఉంటే మూల లేచి ఊడుతుంది. జానెడు చీలిక టేపుతో ఆగదు. అమ్మగారి మిషన్ మీద వద్దు. మామూలు నేరు కుట్టు పడితే ఆ గుడ్డ కుట్టు వెంబడే మళ్లీ చీలుతుంది. దానికి పాలియెస్టర్ దారంతో జిగ్‌జాగ్ కుట్టు, లోపలి నుంచి అతుకు కావాలి. గొట్టం గుడ్డ వేరు, మధ్య గుడ్డ వేరు. గొట్టానిది మందంగా ఉండే డాక్రాన్, మధ్యది పలచటి రిప్‌స్టాప్. ఒకదాని అతుకు ఇంకోదానికి పనికిరాదు.

పంపండి. ఆర్టీసీ కార్గోలో వేస్తే చాలు. గాలి పూర్తిగా తీసి, ఇసుక దులిపి, ఆరాకే మడవండి. తడితో మడిచి పంపినవాటికి బూజు పట్టి, దాన్ని వదిలించడానికే నాకు ఒక పూట పడుతుంది. గొట్టంలో గాలి నిలవడం లేదనిపిస్తే సబ్బునీళ్లతో బుడగలు వచ్చిన చోట పెన్నుతో గుర్తు పెట్టండి, కంప ముల్లు బొక్క కంటికి కనపడదు. బార్ కూడా అదే మూటలో పెట్టండి. క్విక్ రిలీజ్ విప్పి కడిగి, బరువు పెట్టి తోసి చూసి పంపుతా. దానికి డబ్బు తీసుకోను.